పిల్లల ఫుట్‌బాల్‌లో రిఫరీ: ఆటగాళ్లను, కోచ్‌లను అదుపులో ఉంచడం ఎలా?

ఉత్తర, మధ్య అండమాన్ జిల్లాకు కేంద్రం మాయాబందర్. 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్ నుంచి రోడ్డు మీద సుమారు 240 కిలోమీటర్ల దూరం. ఇలాంటి ఊళ్లో రెండు పాఠశాలల జట్లు ఫుట్‌బాల్ ఆడుతుంటే రిఫరీ దగ్గర ఉండేవి ఒక విజిల్, రెండు కార్డులు, ఒక చేతి గడియారం. వీడియో రీప్లే ఉండదు. గొడవ జరిగితే అడ్డుపడే భద్రతా సిబ్బంది ఉండరు. టచ్‌లైన్ పక్కన నిలబడి అరిచిన పెద్దమనిషి మర్నాడు బజారులోనో, బస్సులోనో ఎదురుపడతాడు.

పెద్ద నగరంలో ఒక రిఫరీ విసిగిపోయి మానేస్తే ఇంకొకరు దొరుకుతారు. చిన్న ఊళ్లో ఆ విజిల్ పట్టుకునేది చాలాసార్లు ఏ పీఈటీ మాస్టారో, పాత ఆటగాడో. ఆయన "ఈ తిట్లు నాకెందుకు" అనుకుంటే మ్యాచే జరగదు. పిల్లల ఆటలో ప్రవర్తనను అదుపు చేయడం అంటే రిఫరీ పరువు కాపాడటం ఒక్కటే కాదు, వచ్చే ఆదివారం కూడా ఆట ఉండేలా చూడటం.

అదుపు తప్పితే ఎంత దూరం పోతుందో 2012 డిసెంబరులో నెదర్లాండ్స్‌లో తెలిసింది. అల్మేరే పట్టణంలో పిల్లల మ్యాచ్ ముగిశాక, స్వచ్ఛందంగా లైన్స్‌మన్‌గా నిలబడిన 41 ఏళ్ల వ్యక్తిని ఎదుటి జట్టు కుర్రాళ్లు చితకబాదారు. ఆయన కొడుకు కూడా ఆ మ్యాచ్ ఆడాడు. మర్నాడు ఆయన చనిపోయారు. 2013లో న్యాయస్థానం దోషులుగా తేల్చినవారిలో ఆరుగురు మైనర్లతో పాటు, వారిలో ఒకరి తండ్రి కూడా ఉన్నారు.

భాష అడ్డుపడిన చోట పుట్టిన కార్డులు

పసుపు, ఎర్ర కార్డులు ఫుట్‌బాల్‌తో పాటు పుట్టినవి కావు. 1966 ప్రపంచ కప్ క్వార్టర్ ఫైనల్లో ఇంగ్లండ్, అర్జెంటీనా తలపడ్డాయి. అర్జెంటీనా కెప్టెన్ రటీన్‌ను జర్మన్ రిఫరీ క్రైట్‌లైన్ బయటికి పంపారు. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. రటీన్ చాలాసేపు మైదానం వదల్లేదు, దుభాషిని పిలిపించమని అడిగానని తర్వాత చెప్పుకున్నారు. అప్పట్లో ప్రపంచ కప్ రిఫరీల వ్యవహారాలు చూసిన కెన్ ఆస్టన్ వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. ట్రాఫిక్ సిగ్నల్ రంగులు చూసి ఆయనకు కార్డుల ఆలోచన వచ్చింది. 1970 మెక్సికో ప్రపంచ కప్‌లో అవి తొలిసారి మైదానంలోకి వచ్చాయి.

అండమాన్‌కు ఈ కథ బాగా సరిపోతుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో ఎక్కువమంది మాతృభాష బెంగాలీ. ఆ తర్వాత హిందీ, తమిళం, తెలుగు. తెలుగువారిది దాదాపు 13 శాతం, వారిలో చాలామంది మూలాలు ఉత్తరాంధ్ర తీరంలో ఉన్నాయి. మాయాబందర్ చుట్టుపక్కల, 1920లలో బర్మా నుంచి వచ్చి స్థిరపడిన కరెన్ కుటుంబాలూ ఉన్నాయి. అందరినీ కలిపే భాష హిందీ.

ఇక్కడ రిఫరీకి ఒక చిక్కు ఉంది. ఆయన తెలుగువారైతే, తెలుగు కోచ్‌తో తెలుగులో రెండు ముక్కలు మాట్లాడటం సహజమే. కానీ అవతలి కోచ్‌కు ఆ మాటలు అర్థం కావు. "ఏదో కుమ్మక్కు" అన్న అనుమానం మొదలవడానికి అంతే చాలు. తర్వాత ఇచ్చే ప్రతి ఫ్రీకిక్కునూ ఆ అనుమానంతోనే చూస్తారు. మైదానంలో ఉన్నంతసేపు అందరికీ తెలిసిన భాషలోనే మాట్లాడాలి. మాటలు తక్కువగా, చేతి సైగలు స్పష్టంగా ఉండాలి. కుశల ప్రశ్నలు మ్యాచ్ అయ్యాక అడగవచ్చు.

విజిల్ ఊదక ముందే సగం పని

మైదానంలో జరిగే చాలా గొడవలకు కారణం నిబంధన తెలియకపోవడం కాదు. ఆ రోజు ఏ పద్ధతి పాటిస్తారో ముందుగా చెప్పకపోవడం. పిల్లల మ్యాచ్‌లకు సమయం, మైదానం కొలతలు, బంతి సైజు, బయటికి వచ్చిన ఆటగాడు మళ్లీ లోపలికి వెళ్లవచ్చా లేదా అన్నవి పోటీని బట్టి మారతాయి. ఆట చట్టాలే ఈ వెసులుబాటు ఇచ్చాయి. కాబట్టి రిఫరీ ముందుగా వచ్చి ఇద్దరు కోచ్‌లనూ ఒకేచోట కూర్చోబెట్టి మాట్లాడాలి. విడివిడిగా మాట్లాడితే, అవతలివారికి ఏం చెప్పారోనన్న సందేహం మిగిలిపోతుంది.

ఆ మాటల్లో నాలుగు విషయాలు ఉంటే చాలు. ఒక్కో సగం ఎన్ని నిమిషాలు, ఆటగాళ్ల మార్పు ఎలా, కోచ్‌లు ఎక్కడ నిలబడాలి, రిఫరీతో ఎవరు మాట్లాడాలి. అండమాన్‌లో ఐదోది కూడా ఉంది: వెలుతురు. దీవులు తూర్పున ఎక్కడో ఉన్నా గడియారం దేశమంతటికీ ఒకటే. డిసెంబరులో సాయంత్రం 5 గంటల ప్రాంతానికే పొద్దు కుంకుతుంది. 4 గంటలకు మొదలుపెట్టిన మ్యాచ్ చివరి పది నిమిషాలు చీకట్లో పడితే, వెనుకబడిన జట్టు కోచ్ "టైమ్ తినేశారు" అనడం ఖాయం. వెలుతురు చాలకపోతే ఏం చేయాలో నిర్వాహకులతో ముందే తేల్చుకుని ఇద్దరికీ చెప్పాలి. వానాకాలపు బురద మైదానం విషయంలోనూ ఇంతే.

తర్వాత కెప్టెన్లతో ఒక్క నిమిషం. "మీ జట్టు తరఫున ఏదైనా అడగాలంటే నువ్వే రా. మర్యాదగా అడిగితే చెబుతాను" అంటే చాలు. 2024 యూరో కప్‌లో ఐరోపా ఫుట్‌బాల్ సంఘం ఈ పద్ధతినే అమలు చేసింది. రిఫరీ దగ్గరికి కెప్టెన్ ఒక్కడే రావాలి. కెప్టెన్ గోల్‌కీపర్ అయితే, అతని బదులు మైదానంలోని మరో ఆటగాడిని ముందే చెప్పాలి. ఆ తర్వాత ఆట చట్టాలను రూపొందించే అంతర్జాతీయ సంస్థ ఐఎఫ్ఏబీ, ఏ స్థాయి పోటీ అయినా పాటించేలా దీన్ని మార్గదర్శకంగా ఇచ్చింది. పిల్లల ఆటలో దీనివల్ల మరో మేలు ఉంది. పద్నాలుగేళ్ల కుర్రాడు పదిమంది కోపాన్ని ఒక ప్రశ్నగా మార్చి అడగడం నేర్చుకుంటాడు.

పిల్లలతో: మెట్టు తర్వాత మెట్టు

మొదటి పది నిమిషాల్లో రిఫరీ గీసిన గీతే మ్యాచ్ అంతా ఉంటుంది. తొలి మోటు టాకిల్‌ను చూసీ చూడనట్టు వదిలేస్తే, అరగంట తర్వాత అలాంటిదానికే కార్డు చూపించినప్పుడు "అప్పుడు లేనిది ఇప్పుడేంటి" అన్న ప్రశ్నకు జవాబు ఉండదు.

పిల్లల తీరును సరిదిద్దడానికి కార్డు కంటే ముందు చాలా మెట్లు ఉన్నాయి. మొదటిది దగ్గరగా ఉండటం. పది, పదిహేను మీటర్ల దూరం నుంచి ఊదిన విజిల్‌ను పిల్లలు ఒప్పుకుంటారు. సెంటర్ సర్కిల్ నుంచి ఊదితే నిర్ణయం సరైనదే అయినా నమ్మరు. రెండోది విజిల్ శబ్దం. మామూలు ఫౌల్‌కు చిన్నగా, ప్రమాదకరమైనదానికి గట్టిగా. మూడోది పరుగు ఆపకుండానే చెప్పే ఒక మాట: "ఏడో నంబరు, చెయ్యి వద్దు." నాలుగోది, ఆట ఆపి, ఆటగాడిని గుంపు నుంచి రెండడుగులు పక్కకు పిలిచి, అందరూ చూస్తుండగా చేసే హెచ్చరిక. ఆ తర్వాతే కార్డు.

ఆ హెచ్చరిక రెండు వాక్యాలు దాటకూడదు. "బాబూ, ఇది రెండోసారి. మూడోసారి అయితే కార్డే." ఉపన్యాసం ఇస్తే పిల్లవాడు వినడు, చూసేవాళ్లు నవ్వుతారు. వేలు చూపించడం, భుజం పట్టుకుని ఊపడం, స్నేహితుల ముందు ఎగతాళి చేయడం కూడదు. అవమానపడ్డ పిల్లవాడు ఆ కోపాన్ని తర్వాత ఎదురైన ఆటగాడి కాలి మీద తీర్చుకుంటాడు.

పదేపదే ఫౌల్ చేస్తే పసుపు కార్డు ఇవ్వవచ్చు. "పదేపదే" అంటే ఎన్నిసార్లో చట్టం లెక్క చెప్పలేదు, దాన్ని రిఫరీ విచక్షణకు వదిలేసింది. రిఫరీ ఆ లెక్కను పైకి చెబుతూ ఉండటం మంచిది. ఫౌల్ జరిగిన చోట్లను వేలితో ఒక్కొక్కటిగా చూపిస్తూ "అక్కడ ఒకటి, ఇక్కడ ఒకటి" అంటే, కార్డు ఎందుకు వచ్చిందో బయట ఉన్నవారికీ అర్థమవుతుంది.

మరో సంగతి. మైదానంలో మొదట రెచ్చగొట్టినవాడు దొరకడు, తిరగబడినవాడు దొరుకుతాడు. బంతి దూరంగా వెళ్లినప్పుడు కూడా, అప్పుడే ఢీకొన్న ఇద్దరి మీద ఒక కన్ను వేసి ఉంచితే ఈ అన్యాయం చాలావరకు తప్పుతుంది. గొడవ మొదలైపోతే రిఫరీ మధ్యలో దూరి ఎవరినీ పట్టుకోకూడదు. విజిల్ వరుసగా, గట్టిగా ఊదుతూ, కాస్త పక్కన నిలబడి ఎవరు ఏం చేశారో చూసి నంబర్లు గుర్తుపెట్టుకోవాలి. విడదీయడానికి కోచ్‌లు కావాలంటే వారిని రమ్మని సైగ చేయవచ్చు.

ఏది వదిలేయాలి, ఏది వదలకూడదు

గోల్ తప్పిపోయినప్పుడు పిల్లవాడు నేలను తన్నుతాడు, ఆకాశం వైపు చూసి తనను తానే తిట్టుకుంటాడు. "అబ్బా రెఫ్!" అని ఒక్కసారి నిట్టూరుస్తాడు. అవి నిరాశ మాటలు, ఎవరి మీదా దాడి కావు. చెవిన పడనట్టు ఉండవచ్చు. అదే మాట చేతులూపుతూ, పదిమందికి వినపడేలా, ప్రతి నిర్ణయానికీ వస్తుంటే అది నిరసన. దానికి పసుపు కార్డు ఉంది.

కులం, మతం, రంగు, ప్రాంతం, తెగ పేరుతో తిట్టడం వేరే సంగతి. దానికి మెట్లు లేవు. దూషణ, అవమానకరమైన మాట లేదా సైగ నేరుగా ఎర్ర కార్డు నేరం. ఇన్ని సమూహాల పిల్లలు కలిసి చదివే చోట, "పిల్లలు కదా, సరదాకి అన్నారు" అని వదిలేస్తే నష్టపోయేది తిట్టు పడిన పిల్లవాడే. వాడు వచ్చేవారం ఆటకు రాడు, ఎందుకు రాలేదో ఎవరికీ చెప్పడు. 2024 మేలో బ్యాంకాక్‌లో జరిగిన ఫిఫా కాంగ్రెస్, జాతి వివక్షను రిఫరీ దృష్టికి తేవడానికి చేతులను మణికట్టు దగ్గర అడ్డంగా పెట్టి చూపే సైగను ఆమోదించింది. అది చూశాక రిఫరీ ముందు ఆట ఆపుతాడు. కొనసాగితే జట్లను బయటికి తీసుకెళ్తాడు. అయినా ఆగకపోతే మ్యాచ్ రద్దు చేస్తాడు.

అసలు పరీక్ష కోచ్‌తోనే

పిల్లలు కోచ్‌ను చూసి నేర్చుకుంటారు. కోచ్ "అది ఫౌలా సార్, కళ్లు కనిపించట్లేదా?" అని అరిచిన నిమిషానికి, అదే మాట ఆటగాడి నోట వస్తుంది. ఆటగాడికి కార్డు ఇచ్చి కోచ్‌ను వదిలేస్తే, మూలాన్ని వదిలి కొమ్మను నరికినట్టే.

2019-20 సీజన్ నుంచి కోచ్‌లకూ, జట్టు సిబ్బందికీ కూడా కార్డులు చూపవచ్చు. స్వల్పంగా విభేదించినా, ఎప్పుడో ఒకసారి తన స్థలం దాటినా హెచ్చరికతో సరి. పదేపదే దాటితే, మాటతోనో చేతతోనో నిరసన తెలిపితే, వెటకారంగా చప్పట్లు కొడితే, నీళ్ల సీసా విసిరికొడితే, కార్డు ఇమ్మని సైగ చేస్తే పసుపు కార్డు. రిఫరీని నిలదీయడానికి మైదానంలోకి వస్తే, ఎదుటి జట్టు ఆట మొదలుపెట్టకుండా బంతి పట్టుకుంటే, మైదానంలోకి వస్తువు విసిరితే, దూషిస్తే, చేయి చేసుకుంటే ఎర్ర కార్డు. బెంచీ నుంచి ఎవరు అరిచారో తెలియకపోతే, అక్కడున్న ప్రధాన కోచ్‌కే శిక్ష పడుతుంది. ఈ ఒక్క నిబంధనను మ్యాచ్‌కు ముందు గుర్తుచేస్తే, తన బెంచీని కోచే అదుపులో పెట్టుకుంటాడు.

అమెరికాలో రిఫరీ శిక్షణలో దీన్ని మూడు మాటల్లో నేర్పుతారు: అడుగు, చెప్పు, పంపించు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో శనివారం పిల్లల్ని సాకర్‌కు తీసుకెళ్లే తెలుగు తల్లిదండ్రులకు ఇది పరిచయమే. అక్కడ 13 ఏళ్లకే రిఫరీ కావచ్చు కాబట్టి, విజిల్ పట్టుకున్నది చాలాసార్లు బడి పిల్లలే. మాయాబందర్ మైదానానికి అన్వయిస్తే ఇలా ఉంటుంది. మొదట: "మాస్టారూ, మీ మాట విన్నాను. ఇక పిల్లల్ని ఆడనిద్దాం." రెండోసారి, కార్డు చేతిలో ఉంచుకుని: "మాస్టారూ, ఇంకొక్క మాట వస్తే మీరు బయటికి వెళ్లాల్సి ఉంటుంది." మూడోసారి మాట లేదు, ఎర్ర కార్డే. చెప్పింది చేయకపోతే మిగతా ఆట అంతా కోచ్ చేతిలోకి పోతుంది. అందుకే చేయలేని బెదిరింపు ఎప్పుడూ చేయకూడదు.

కోచ్ అడిగే ప్రతిదీ గొడవ కాదు. "ఎంత సమయం ఉంది?", "ఆ ఫ్రీకిక్ డైరెక్టా, ఇన్‌డైరెక్టా?" అన్నవి ప్రశ్నలు. వాటికి వెంటనే జవాబు చెబితే సగం అసహనం తగ్గుతుంది.

తల్లిదండ్రుల సంగతి

ప్రేక్షకులకు రిఫరీ కార్డు చూపలేడు. ఏ తండ్రితోనో నేరుగా వాదనకు దిగితే గెలిచినా ఓడినట్టే. అరుపులు హద్దు దాటితే ఆట ఆపి, సంబంధిత కోచ్‌ను, నిర్వాహకులను పిలిచి, వారిని శాంతింపజేశాకే ఆట మొదలవుతుందని చెప్పాలి. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం 2008లో "రెస్పెక్ట్" పేరుతో కార్యక్రమం మొదలుపెట్టి, పిల్లల మ్యాచ్‌లలో టచ్‌లైన్ నుంచి వెనక్కి ఒక గీత గీసి, పెద్దలను దాని అవతల నిలబెట్టడాన్ని ప్రోత్సహించింది. దీనికి ఖర్చు లేదు. నాలుగు కర్రలు, ఒక తాడు చాలు.

రిఫరీ పొరపాటు పడితే

పొరపాటు పడని రిఫరీ ఉండడు. చట్టం ఇక్కడ ఒక కిటికీ తెరిచి ఉంచింది. ఆట తిరిగి మొదలుకాక ముందు తప్పు తెలిస్తే, నిర్ణయం మార్చుకోవచ్చు. త్రో-ఇన్ ఇటుది అని చూపించాక అసిస్టెంట్ సైగ చూసి "కాదు, అటుది" అనడం బలహీనత కాదు. మొదలయ్యాక మాత్రం వెనక్కి వెళ్లకూడదు. కెప్టెన్ వచ్చి అడిగితే "నాకు అడ్డంగా ఇద్దరు ఉన్నారు, కనిపించలేదు" అన్న నిజం, లేని ధీమా కంటే బాగా పనిచేస్తుంది. ఒక తప్పును సరిచేయడానికి అవతలి జట్టుకు ఇంకో తప్పుడు ఫ్రీకిక్ ఇవ్వడం మాత్రం చేయకూడదు. దాన్ని పిల్లలు కూడా ఇట్టే పసిగడతారు.

కాసేపు బయట కూర్చోబెట్టడం

పిల్లల, స్థానిక స్థాయి పోటీలకు ఐఎఫ్ఏబీ అనుమతించిన మరో సాధనం తాత్కాలిక బహిష్కరణ. పసుపు కార్డు పొందిన ఆటగాడు మ్యాచ్ మొత్తం సమయంలో 10 నుంచి 15 శాతం సేపు బయట కూర్చుంటాడు. గంట మ్యాచ్ అయితే 6 నుంచి 9 నిమిషాలు. ఇంగ్లండ్‌లో 2019-20 నుంచి స్థానిక లీగుల్లో రిఫరీపై నిరసనకు ఇది అమలవుతోంది. కోపంలో ఉన్న కుర్రాడికి చల్లబడే సమయం దొరుకుతుంది, రెండో కార్డు పడే ప్రమాదం తగ్గుతుంది. జట్టు ఆ కాసేపు ఒక మనిషి తక్కువతో ఆడాలి కాబట్టి సహచరులే అతడికి బుద్ధి చెబుతారు. కానీ దీన్ని పోటీ నిబంధనల్లో ముందే చేర్చి ఉండాలి. రిఫరీ తనంతట తాను మైదానంలో ప్రవేశపెట్టకూడదు.

చివరి విజిల్ తర్వాత

కార్డులు, బహిష్కరణలు, బెదిరింపులు, దూషణలు అన్నీ నివేదికలో రాయాలి. విన్న మాటలను విన్నట్టుగానే రాయాలి. "అసభ్యంగా మాట్లాడాడు" అంటే క్రమశిక్షణ సంఘానికి ఏమీ తెలియదు. నిమిషం, నంబరు, అన్న మాట, తీసుకున్న చర్య ఉంటే చాలు, అభిప్రాయాలు అక్కర్లేదు. చిన్న ఊళ్లో ఈ పనినే ఎక్కువగా వదిలేస్తారు. "తెలిసినవాడే, పాపం" అంటూ కాగితం మీద పెట్టరు. దాంతో అదే వ్యక్తి వచ్చే టోర్నమెంటులో ఇంకో రిఫరీ మీద అరుస్తాడు, ఆ రిఫరీకి ముందు జరిగింది ఏమీ తెలియదు.

రిఫరీ, కోచ్ శత్రువులన్న భావనకు హైదరాబాద్ ఫుట్‌బాల్ చరిత్రే మంచి జవాబు. 1962 ఆసియా క్రీడల్లో భారత్‌కు స్వర్ణం తెచ్చిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ ఉపాధ్యాయుడిగా పనిచేసినవారు. ఆయన కుమారుడు సయ్యద్ షాహిద్ హకీమ్ 1960 రోమ్ ఒలింపిక్స్ జట్టులో సభ్యుడు. ఆ తర్వాత కోచ్‌గా పనిచేశారు, ఫిఫా గుర్తింపు పొందిన అంతర్జాతీయ రిఫరీగానూ విజిల్ పట్టారు. 2017లో ధ్యాన్‌చంద్ పురస్కారం అందుకున్నారు, 2021లో కన్నుమూశారు. ఆటగాడు, కోచ్, రిఫరీ మూడూ ఒకే మనిషిలో ఇమిడాయి.

మాయాబందర్ లాంటి చోట ఇది అవసరం కొద్దీ జరిగేదే. ఈ వారం జట్టును తెచ్చిన మాస్టారే పైవారం రంగత్, దిగ్లిపూర్ జట్ల మధ్య విజిల్ పట్టాల్సి రావచ్చు. ఇవాళ తాను రిఫరీ మీద అరిచిన మాటే రేపు తన చెవిన పడుతుంది. జిల్లా పోటీలు పెట్టేవారు ప్రతి కోచ్‌తోనూ ఏడాదికి ఒక్క మ్యాచ్‌కైనా రిఫరీగా పనిచేయించగలిగితే, ఆ ఒక్క సాయంత్రం నేర్పేది పది సమావేశాల్లో చెప్పినా రాదు.